ఇసుకలో పోయిన ఫేదె

ఆ శుక్రవారం ఉదయానికి రిబెల్లె కజాదియో వేసుకున్న లెక్క చాలా చిన్నది. సముద్రం ఒడ్డున గొడుగులు అద్దెకిచ్చే జెమ్మా వాటిని తెరవకముందే ఆమె స్థలంలో ముందు వరుసలు గాలించాలి. వస్తూ వస్తూ రొట్టె తేవాలి. కాఫీ తాగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య ఎర్సీలియాతో చర్చికి వెళ్లాలి. ఆదివారం వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండుతాయి. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఏ మాటకి ఉంగరమున్న చెయ్యి చాపాలో ఫాదర్ ఒకసారి చూపిస్తానన్నాడు. పని, రొట్టె, దేవుడు. ఈ మూడింటిలో దేనికీ దేనితోనూ పేచీ లేదు.

రిబెల్లె అంటే తిరుగుబాటుదారు. ఆ పేరు వాళ్ల తాత పెట్టాడు. ఆయన రాజునీ పోపునీ ఒకే ఊపిరిలో తిట్టగల మనిషి. కజాదియో అంటే దేవుడి ఇల్లు. అది ఇంటిపేరు, దాన్ని మార్చడం తాత చేతిలో లేకపోయింది. ఈ రెండింటి మధ్యా నలిగిన మనవడు ఎవరితోనూ గొడవ పెట్టుకోని ఇనుప సామాన్ల వ్యాపారి అయ్యాడు. ప్రతి ఆదివారం ఎర్సీలియాని చర్చికి తీసుకెళ్తాడు. ఆమె పక్కనే కూర్చుని, పాటలప్పుడు పెదవులు కదుపుతాడు. నమ్ముతున్నావా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడగని సరుకుకి ధర చెప్పడం ఆయన పద్ధతి కాదు.

కొట్టు అమ్మేశాక ఊరికే కూర్చోలేక ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాడు. మా తీరంలో ఆగస్టు వచ్చిందంటే ఇసుక కనపడకుండా మనుషులు పరుచుకుంటారు. ఒంటికి నూనె రాసుకుని చన్నీళ్లలోకి దిగుతారు. చలికి వేలు సన్నబడుతుంది, నూనెకి ఉంగరం జారుతుంది. ఇంత నమ్మకంగా సరుకు దింపే వ్యాపారం రిబెల్లె తన జీవితంలో చూడలేదు. వచ్చిన చిక్కల్లా పోటీతోనే. ఒకప్పుడు ఒడ్డు మొత్తానికి ముగ్గురో నలుగురో ఉండేవాళ్లు. ఇప్పుడు పింఛను పుచ్చుకునే ప్రతివాడి చేతిలోనూ ఒక యంత్రం ఉంది. తెల్లారేసరికి చెవులకి డిప్పలు తగిలించుకుని, ఎవరి మొహం ఎవరూ చూడకుండా, నేలకి ఇస్త్రీ చేస్తున్నట్టు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఒకరి గొడుగుల స్థలంలోకి ఇంకొకరు రాకూడదన్నది ఎవరూ రాయని కట్టుబాటు. పక్కవాడికి ఏం దొరికిందో ఓరకంట చూడకుండా ఉండలేకపోవడం కూడా అలాంటి కట్టుబాటే.

వాళ్లందరిలో రిబెల్లెకి అసలైన పోటీ లోరిస్. ఇద్దరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. లోరిస్ ఒకప్పుడు ప్లంబరు. రెండేళ్ల కిందట ఒక జర్మన్ ఆవిడ ఉంగరం దొరికితే తిరిగిచ్చాడు. పేపర్లో ఫొటో పడింది. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. అడిగినవాళ్లకి ఒకసారి, అడగనివాళ్లకి రెండుసార్లు చూపిస్తాడు.

ఈ పనిలో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద యంత్రం కూసిన చోట గుంట తీసి, లోపల వస్తువు ఎక్కడుందో తెలుసుకోవడానికి కర్రలాంటి ఇంకో చిన్న యంత్రం గుచ్చుతారు. లోహం తగిలితే అది గుర్రుమంటుంది. గుంట తీసే చేతికి ఉంగరముంటే ఆ ఉంగరాన్నే పట్టుకుని గుర్రుమంటుంది. అందుకని పెళ్లయిన ప్రతివాడూ పని మొదలుపెట్టే ముందు ఉంగరం తీసి జేబులో వేసుకుంటాడు. రిబెల్లె కూడా ఆ రోజు చొక్కా జేబులో వేసుకున్నాడు. అదే జేబులో చేతి రుమాలు ఉంది. మూడో వరుస దాటాక గట్టిగా తుమ్మొచ్చింది. రుమాలు లాగాడు, తుమ్మాడు, ముక్కు తుడుచుకున్నాడు, రుమాలు మళ్లీ కుక్కుకున్నాడు. ఐదో వరుసలో జేబు తడుముకుంటే రుమాలు ఒక్కటే ఉంది.

మొదట ఆయన కంగారుపడలేదు. ఉంగరం పోయింది ఇసుకలో, చేతిలో ఉన్నది ఇసుకలో ఉంగరాలు వెతికే యంత్రం. ఇంతకంటే మంచి చోట పోగొట్టుకోవడం ఎవరికీ కుదరదు. వెనక్కి తిరిగి గాలించాడు. ఒక సీసా మూత దొరికింది. మళ్లీ గాలించాడు. ఇంకో మూత. అప్పుడు చెమట పట్టింది.

ఎవరినైనా సాయం పిలిస్తే ఉంగరం దొరకవచ్చు. కానీ దొరికేది లోరిస్‌కే అవుతుంది. లోపల 'ఎర్సీలియా' అని చెక్కి ఉంది. మా దగ్గర భర్త ఉంగరంలో భార్య పేరు, భార్య ఉంగరంలో భర్త పేరు చెక్కిస్తారు. లోరిస్ దాన్ని తిన్నగా ఎర్సీలియా చేతికే, అదీ ఆదివారం చర్చిలో, ఫొటోగ్రాఫర్ని వెంటపెట్టుకుని మరీ ఇస్తాడు. స్వర్ణోత్సవం నాడు పెళ్లాం చేతికి తన ఉంగరం ప్లంబరు నుంచి రావడం రిబెల్లె ఏ పద్దులో రాసుకున్నా నష్టమే.

ఆయన అదే చోట తిరుగుతూ ఉండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏరా, గానుగెద్దులా ఇక్కడే తిరుగుతున్నావు?"

లోరిస్. తన స్థలం వదిలేసి సరిహద్దులో నిలబడ్డాడు.

"ఏం లేదురా. వ్యాయామం."

"వ్యాయామానికి యంత్రం ఎందుకూ?"

"అలవాటు."

"చెమటలు కక్కుతున్నావు. ఏదో కూసింది కదూ? పెద్దదే కూసింది. చెప్పవోయ్, నేనేం తినేస్తానా?"

"నీ చోటికి నువ్వు పోరా బాబూ!"

అంత మర్యాదస్థుడు కసిరాడంటే కింద కనీసం ఒక కుండెడు బంగారమైనా ఉండి ఉండాలని లోరిస్ తేల్చుకున్నాడు. ఒక కాలు గీత దాటించాడు. అది చూసి అవతలి స్థలం వాడు రెండు కాళ్లూ దాటించాడు. కాసేపటికి జెమ్మా గొడుగుల మధ్య డజను యంత్రాలు చేరాయి. ఒకదాని పక్కన ఒకటి వస్తే ఆ యంత్రాలు ఒకదాన్ని చూసి ఒకటి కూస్తాయి. ప్రతి కూతకీ ఒక గుంట, ప్రతి గుంటకీ ఒక తగువు. గొడుగులు తెరవడానికి వచ్చిన జెమ్మా చీపురు ఎత్తింది.

"నా ఇసుకని జున్నుముక్కలా తూట్లు పొడిచేశారు కదయ్యా! ఇక్కడ పిల్లలు కాళ్లు విరగ్గొట్టుకుంటే మీ తాతలొచ్చి కట్టు కడతారా? పూడ్చండి! పూడ్చి కదలండి!"

ముసలివాళ్లంతా తలలు వంచుకుని గుంటలు పూడ్చారు. రిబెల్లె ఉంగరం ఎక్కడో ఇంకాస్త లోతుకి పోయింది.

ఇంటికి వెళ్లే దారిలో ఆయన కంసాలి కొట్టు ముందు ఆగాడు. ఆగస్టు సెలవులకి కొండల్లోకి వెళ్తున్నానని తలుపు మీద కాగితం అంటించి ఉంది. పక్క మందుల షాపులో కాస్త గుడ్డ పట్టీ కొని వేలికి చుట్టుకున్నాడు. రొట్టె సంగతి గుర్తే లేదు.

"ఏమయ్యా, రొట్టేదీ?" అంది ఎర్సీలియా.

"అయిపోయిందట."

"ఆగస్టులో రొట్టె అయిపోవడమేమిటి? ఆ వేలికేమైంది?"

"డబ్బా మూత కోసుకుంది."

"ఉంగరం?"

"జేబులో ఉంది. వాపు తగ్గాక పెట్టుకుంటా."

అబద్ధాలలో ఆయనకి అనుభవం తక్కువ. ఇనుప సామాన్ల వ్యాపారంలో వాటి అవసరం రాదు, మేకు మేకులాగే ఉంటుంది. అయినా ఎర్సీలియా ఇంకేమీ అడగలేదు. నిన్నటి రొట్టె వేడిచేసి, నూనె చుక్కేసి ముందు పెట్టింది.

*

మా భాషలో పెళ్లి ఉంగరాన్నీ, దేవుడి మీద విశ్వాసాన్నీ ఒకే మాటతో అంటాం. ఫేదె. ఇన్ని తరాలుగా దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఉంగరం పోయినవాడు కంసాలి దగ్గరికి వెళ్తాడు, విశ్వాసం పోయినవాడు ఫాదర్ దగ్గరికి వెళ్తాడు. కంసాలి ఊళ్లో లేకపోబట్టి రిబెల్లె రెండో తలుపు తట్టాడు.

చర్చిలో ఎర్సీలియా పూల సంగతి మాట్లాడుతుండగా ఆయన ఫాదర్ గౌదెన్సియోని లోపలి గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాడు.

"ఫాదర్, నా ఫేదె పోయింది."

ఫాదర్ చేతిలో ఉన్న కొవ్వొత్తుల పెట్టె కింద పెట్టాడు. ఆయన ఈ ఊరికి వచ్చి చాలాకాలమైంది. ఆ చాలాకాలంలో ఆయనతో ఇలాంటి మాట అన్నవాళ్లు లేరు.

"నీకు ఉండేదా?" అన్నాడు ఆశ్చర్యం ఆపుకోలేక.

"ఉండకపోవడమేమిటండీ! యాభై ఏళ్లుగా ఉంది. మీరు చూడలేదా?"

"చూడలేదని కాదు. పైకి అంతగా కనపడేది కాదు."

"పాతబడింది కదా, మెరుపు తగ్గింది. కానీ గట్టిది ఫాదర్."

ఫాదర్ కళ్లు చెమర్చాయి. ఆయన రిబెల్లె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎప్పుడు పోయింది నాయనా?"

"ఇవాళ పొద్దున్నే. తుమ్మాను. అంతే."

"తుమ్మావా?"

"తుమ్మి చూసుకుంటే లేదు."

ఎడారుల్లో పోగొట్టుకున్నవాళ్ల గురించి ఫాదర్ చదివాడు. చెరసాలల్లో పోగొట్టుకున్నవాళ్ల గురించి విన్నాడు. తుమ్ము ఆయనకి కొత్త. అయినా దేవుడి పరీక్ష ఎటు నుంచి వస్తుందో చెప్పలేమని సర్దుకున్నాడు.

"ఎక్కడ జరిగింది?"

"సముద్రం ఒడ్డున."

"విచిత్రం. చాలామందికి అక్కడే దొరుకుతుంది."

"నా భయం కూడా అదే! లోరిస్‌కి దొరికితే?"

"లోరిస్‌కా? దొరకనీ నాయనా! ఆ మనిషి ఈ గడప తొక్కి ఎన్నేళ్లయింది!"

"నాది వాడికి దొరకడమేమిటండీ! వాడు ఊరంతా చూపించుకు తిరుగుతాడు."

"తిరగాలి. దొరికినవాడు దాచుకోకూడదు. అదే ధర్మం."

రిబెల్లెకి ఆ ధర్మం నచ్చలేదు. గొంతు తగ్గించాడు. "ఎర్సీలియాకి తెలియకూడదు ఫాదర్. తెలిస్తే తట్టుకోలేదు. ఆదివారం లోపల నాకది కావాలి. లేకపోతే ఏ మొహం పెట్టుకుని ఆమె పక్కన నిలబడను? ఇంకొకటి కొందామన్నా దుకాణం మూసేశాడు."

"ఇది కొంటే వచ్చేది కాదు నాయనా."

"నాకూ తెలుసండీ. కొన్నది అయితే ఎర్సీలియా ఇట్టే పట్టేస్తుంది."

"నువ్వు ఒంటరిగా వెతకొద్దు," అన్నాడు ఫాదర్. "నమ్మకమైనవాళ్లని కొందరిని కూడగడతాను. నీ పేరు బయటికి రానివ్వను. ఆదివారం లోపల దొరుకుతుంది, భయపడకు."

రిబెల్లె గుండె తేలికపడింది. ఫాదర్ దగ్గర కూడా ఒక మంచి యంత్రం ఉండి ఉంటుందని ఆయనకి ఇంతవరకూ తెలియదు. బయటికి వస్తుంటే ఫాదర్ ఆయన్ని కౌగిలించుకున్నాడు. పూల దగ్గరున్న ఆడవాళ్లంతా చూశారు.

*

ఆ సాయంత్రం జపమాలకి వచ్చిన ఆడవాళ్లతో ఫాదర్ చెప్పాడు. "మన చర్చికి చెందిన ఒక సోదరుడు, పేరు చెప్పను, ఇవాళ పొద్దున సముద్రం ఒడ్డున ఫేదె పోగొట్టుకున్నాడు. ఆదివారం లోపల అతనికి దొరకాలని ప్రార్థించండి."

సముద్రం ఒడ్డు అనే ముక్క కలపకపోతే ఎంతో బాగుండేది. అది వినగానే అందరూ ఉంగరం అనుకున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఊళ్లోని ప్రతి భర్తా ప్లేటు పక్కన చెయ్యి పెట్టి చూపించాల్సి వచ్చింది. జపమాల నడిపే దిర్చె లోరిస్ చెల్లెలు. ఆమె ఇంటికి వెళ్లగానే అన్నకి చెప్పింది. లోరిస్ చెంప మీద కొట్టుకున్నాడు.

"అదీ సంగతి! పొద్దున రిబెల్లెగాడు గానుగ తిప్పింది అందుకే! ఎవరిదో ఉంగరం పోయిందని వాడికి ముందే తెలుసు. ఒక్కడే కొట్టేసి, పేరు కొట్టేద్దామనుకున్నాడు!"

వెంటనే తోటివాళ్లందరికీ ఫోన్లు చేశాడు. అతను పెట్టిన షరతు ఒక్కటే. ఎవరికి ఏ ఉంగరం దొరికినా తన నీలం బకెట్‌లో వెయ్యాలి. ఆదివారం చర్చిలో అందరి ముందూ, పేపరువాళ్ల ముందూ, లోపలి పేర్లు చదివి సొంతదారులకి ఇస్తారు. పేపరు అనేసరికి అందరూ ఒప్పుకున్నారు.

జపమాలకి వచ్చిన వాళ్లలో ఒకావిడ మాత్రం ఫాదర్ ఏ ఫేదె గురించి చెప్పాడో సరిగ్గా దాన్నే విన్నది. ఆమె కార్మికుల క్లబ్బు నడిపే మెనొత్తి భార్య. రిబెల్లె లోపలి గది నుంచి రావడం, ఫాదర్ తడి కళ్లతో కౌగిలించుకోవడం ఆమె చూసింది. ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. మెనొత్తి చర్చి గంట మోగితే కిటికీ మూసుకునే రకం.

శనివారం తెల్లారేసరికి ఒడ్డు మీద జాతర. పక్క ఊళ్ల నుంచి, ఫయెంత్సా నుంచి, బొలోన్యా నుంచి కార్లలో దిగారు. జెమ్మా చీపురు ఈసారి ఎవరినీ ఆపలేకపోయింది. ఆమె స్థలంలో చోటు చాలక జనం రేవు దాకా పాకారు. రిబెల్లె అందరికంటే ముందు వచ్చాడు. ఫాదర్ మనుషులు ఎవరో, ఎక్కడున్నారో ఆయనకి అంతుపట్టలేదు. ఇది రహస్యంగా చేసే పద్ధతి అయితే బాహాటంగా ఎలా ఉండేదోనని భయమేసింది.

అప్పుడు మెనొత్తి వచ్చాడు. వెనక క్లబ్బు ముసలివాళ్లు, చేతిలో ఎర్ర వైను సీసా.

"రా కామ్రేడ్!" అని రిబెల్లెని అమాంతం వాటేసుకున్నాడు. "పోయిందటగా!"

"మెల్లిగా మాట్లాడరా బాబూ!"

"మెల్లిగా ఎందుకూ? మీ తాత ఉంటే డప్పు కొట్టేవాడు! ఎన్నేళ్లు ఎదురుచూశామో తెలుసా? మా నాన్న అయితే నీ సగం వయసులోనే పోగొట్టుకున్నాడు."

"అలాగా? ఏం చేశాడు మరి?"

"ఏం చేస్తాడు? హాయిగా బతికాడు."

"మీ అమ్మ ఏమీ అనలేదా?"

"ఆవిడది ఆవిడ దాచుకుంది. రోజూ దిండు కింద."

రిబెల్లె ఆలోచించాడు. దిండు కింద పెట్టుకుంటే జారిపోదు, నిజమే. "ఎర్సీలియాకి మాత్రం చెప్పకురా. రేపు చర్చిలో ఏం జరుగుతుందోనని నాకు ఊపిరాడటం లేదు."

"రేపు కూడా వెళ్తావా? పోగొట్టుకున్నాక కూడా?"

"పెళ్లిరోజురా! వెళ్లకపోతే ఎలా?"

మెనొత్తి సీసా మూత తీశాడు. "అయితే మేమూ వస్తాం. క్లబ్బంతా వస్తాం. నువ్వు ఒక్కడివే వాళ్ల మధ్య నిలబడటం చూస్తూ ఊరుకుంటామా?"

పొద్దు వాలేదాకా తవ్వకాలు జరిగాయి. రిబెల్లెకి చెంచా ఒకటి, కుక్క మెడ గొలుసు ఒకటి, మూతలు లెక్కలేనన్ని దొరికాయి. మిగతావాళ్లకి ఉంగరాలు దొరికాయి. వేసవి తర్వాత వేసవి ఒక ఊరు ఒకే ఒడ్డున స్నానం చేస్తే కింద ఎంత సరుకు పోగుపడుతుందో ఆ రోజు తెలిసింది. ఒక్కొక్కటీ బకెట్‌లో ఖంగుమని పడుతుంటే రిబెల్లె గుండె ఖంగుమంది.

"చూపించరా ఒకసారి. లోపల ఏం పేరుందో చూస్తా."

లోరిస్ బకెట్‌ని పసిపిల్లలా పొట్టకి హత్తుకున్నాడు. "ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా. నిన్న నువ్వు చేసిన మోసం చాలదూ? ఏదైనా రేపే. అందరి ముందూ."

*

ఆదివారం చర్చి నిండిపోయింది. ఫాదర్ గౌదెన్సియో పూజ బట్టల్లో బయటికి వచ్చి, ఎదురుగా కనపడింది నమ్మలేక ఒక క్షణం ఆగాడు. ముందు వరుసలో, నల్ల కోటులో, వేలికి కట్టుతో రిబెల్లె. పక్కన నీలం గౌనులో ఎర్సీలియా. వెనక యంత్రాల మనుషులంతా. తలుపుల దగ్గర, టోపీలు చేతుల్లో పట్టుకుని, మెనొత్తి, అతని క్లబ్బు మొత్తం. వాళ్లు ఆ గుమ్మంలోకి అడుగు పెట్టడం ఫాదర్ ఎన్నడూ చూడలేదు. ఒక్కడిది పోతే ఇందరికి దొరికిందా అని ఆయన చేతులు జోడించాడు.

"సోదరులారా," అన్నాడు. "మనలో ఒకరు పోగొట్టుకున్నది..."

"దొరికింది ఫాదర్!" లోరిస్ లేచాడు.

"దేవుడికి స్తోత్రం! నీకు కూడానా?"

"నా ఒక్కడికేమిటి, అందరికీ దొరికాయి. ఇదిగో, బకెట్ అడుగు నిండిపోయింది."

ఫాదర్‌కి ఏమీ అర్థం కాలేదు. లోరిస్ అప్పటికే ముందుకొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి ఉంగరం తీశాడు. పేపరు కుర్రాడు కెమెరా ఎత్తాడు.

"ఒర్నెల్లా!"

మూడో వరుసలో ఒర్నెల్లా లేచి నిలబడింది. భర్త చేతిని పైకెత్తి చూసింది. వేలికి ఉంగరం ఉంది.

"నా పేరే అది. మరి నీ వేలికున్నదేమిటయ్యా?"

"అది... నువ్వు బాధపడతావని... మళ్లీ చేయించాను."

"ఎప్పుడు?"

"మన అబ్బాయి పుట్టినప్పుడు."

"వాడికి పెళ్లి కూడా అయిపోయింది కదయ్యా!"

"వాందా!" అన్నాడు లోరిస్, తన పనిలో తాను. వాందా లేచింది, వాందా మొగుడు వంగి బెంచీ కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంకో పేరు. ఇంకో పేరు. ప్రతి పేరుకీ ఒక భార్య లేవడం, ఒక భర్త కుంచించుకుపోవడం. ఊళ్లో సగం మంది మగవాళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే కంసాలి దగ్గర, ఒకే పని చేయించుకున్నారని తేలింది. అతను ప్రతి ఆగస్టులో కొండల మీద ఇల్లు తీసుకుని ఉండగలగడం వెనక రహస్యం కూడా అప్పుడే తేలింది. ఇద్దరు ముగ్గురు మెల్లగా తలుపు వైపు జరిగారు. అక్కడ క్లబ్బు ముసలివాళ్లు ఛాతీలు విరుచుకుని గోడలా నిలబడి ఉన్నారు.

రిబెల్లె ఇక ఆగలేకపోయాడు. తర్వాతి పేరు ఏమిటో ఆయనకి తెలుసు. అది లోరిస్ నోటి నుంచి రాకముందే తన నోటి నుంచి రావాలి. లేచి, వేలికి చుట్టిన గుడ్డ విప్పాడు. కింద గాయం లేదు, ఉంగరమూ లేదు.

"ఎర్సీ, డబ్బా మూతా లేదు, ఏమీ లేదు. నా ఫేదె శుక్రవారం ఇసుకలో పడిపోయింది. జేబులోంచి జారిపోయింది. ఫాదర్‌కి చెప్పాను, నీకు చెప్పలేకపోయాను."

"ఉంగరమా?" అన్నాడు ఫాదర్.

"ఉంగరమా?" అన్నాడు తలుపు దగ్గర మెనొత్తి.

ఆ ఊళ్లో చర్చీ క్లబ్బూ ఒకే మాట, ఒకే దిగులుతో అనడం అదే మొదటిసారి. ఫాదర్ పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాడు. మెనొత్తి టోపీ తలకి పెట్టుకుని, చుట్టూ చూసి, మళ్లీ తీసేశాడు.

"ఒరేయ్, నీదేనా!" అన్నాడు లోరిస్. మోసం కాదని తెలిసి అతని మొహం మెత్తబడింది. "ముందే ఏడవచ్చు కదరా నాతో! ఉండు, ఆఖరిది ఒకటుంది. రేవు దగ్గర దొరికింది." వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. "ఆఁ, ఇదిగో! స్పష్టంగా ఉంది! 'రిబెల్లె'!"

జనం చప్పట్లు కొట్టారు. కొడుతూ కొడుతూ ఒక్కొక్కరే ఆపేశారు. భర్త పేరున్న ఉంగరం భర్తది కాదు. అందరి చూపులూ ఎర్సీలియా చేతి మీదికి వెళ్లాయి. అక్కడ ఒక ఉంగరం దర్జాగా మెరుస్తోంది.

ఎర్సీలియా చెయ్యి వెనక్కి తీసుకోబోయింది, మళ్లీ మానుకుంది.

"చూస్తారేం? నాదే," అంది. "మన పెద్దమ్మాయికి ఈత నేర్పుతుంటే పోయింది. రేవు పక్కన. అప్పుడే కొట్టు పెట్టావు నువ్వు. చెబితే నాకు ఉంగరం కొనేవాడివి, కొట్లోకి సరుకు కొనేవాడివి కాదు. వేసవికి వచ్చినవాళ్ల ఈత బట్టలు కుట్టి ఇది చేయించుకున్నాను."

రిబెల్లె ఆమె వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"నువ్వు ఆ యంత్రం కొన్నప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకుందా? రేవు వైపు ఏమీ దొరకదు, జెమ్మా గొడుగుల దగ్గరికి వెళ్లు, జెమ్మా గొడుగుల దగ్గరికి వెళ్లు అని రోజూ తరిమింది ఎందుకనుకున్నావు? నీ కట్టు చూసి, నీకు నాది దొరికి, అడగలేక అలా తిరుగుతున్నావేమో అనుకుని రెండు రోజులుగా నాకు ముద్ద దిగటం లేదు."

చర్చిలో ఎవరో ముక్కు చీదారు. అది లోరిస్ అని తర్వాత చాలామంది అన్నారు, అతను ఒప్పుకోలేదు.

రిబెల్లె మనసులో తూకం వేసుకున్నాడు. పోయింది ఒకటి. వచ్చింది ఒకటి. ఎర్సీలియా చేతికి ఉన్నది ఒకటి. మనుషులు ఇద్దరు, ఉంగరాలు రెండు. ఇంత గందరగోళం తర్వాత సరుకు ఇంత చక్కగా సరిపోవడం ఆయన కొట్లో ఎప్పుడూ జరగలేదు. లోరిస్ చేతిలోంచి పాత ఉంగరం తీసుకుని ఇసుక ఊది, ఎర్సీలియా వేలికి తొడిగాడు. ఆమె తన దొంగ ఉంగరం తీసి ఆయనకి తొడగబోయింది. చిటికెన వేలికి సగం దాకా ఎక్కి ఆగింది. లోపల ఆయన పేరే ఉంది.

"చాల్లే," అంది ఎర్సీలియా. "తప్పిపోతే ఎవరివో తెలుస్తుంది."

ఫాదర్ లేచి రెండింటినీ దీవించాడు. దీవించి, కాస్త వంగి, మెల్లగా అడిగాడు. "నాయనా, మరి ఆ రెండో ఫేదె సంగతి? అది ఉన్నట్టా, లేనట్టా?"

రిబెల్లె నిజాయితీగా ఆలోచించాడు. "ఎర్సీలియా దగ్గర ఉంది ఫాదర్. ఇద్దరం అదే వాడుకుంటున్నాం."

ఫాదర్‌కి అది చాలలేదు, అలాగని కాదనలేకపోయాడు. మెనొత్తి కూడా అంతే. క్లబ్బు మొత్తం పూజ అయ్యేదాకా ఉండి, బయట బల్లల మీద రొట్టెలూ వైనూ అయ్యేదాకా కూడా ఉంది.

ఆ సాయంత్రం ఊళ్లోని భర్తలంతా లోరిస్‌ని బారుకి తీసుకెళ్లి, తలుపు దగ్గరికి వేసి, చాలాసేపు మాట్లాడారు. వైను వాళ్లదే.

ఆ రోజు నుంచీ మా తీరంలో, విచిత్రంగా, పెళ్లి ఉంగరమన్నది ఒక్కటి కూడా దొరకలేదు.